లోడ్ మీద చూశావా? – కారులో కరెంటు పోయినప్పుడు వెతికే పద్ధతి

"నువ్వు చదివేది కరెంటే కదమ్మా?"

పోయిన దీపావళి సెలవుల్లో మా నాన్న నన్ను అడిగిన ప్రశ్న ఇది. వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

నాన్నకి కాకినాడలో ఒక డీజిల్ కారుంది. పసుపు ప్లేటు టాక్సీ. తోలేది ఆయనే, ఓనరూ ఆయనే, నెలనెలా కిస్తీ కట్టేదీ ఆయనే. నా ఫీజుతో సహా మా ఇంట్లో అన్నీ ఆ కారు తిరిగితేనే తిరుగుతాయి.

ఆ రోజు మొదటి కార్తీక సోమవారం. మా వీధి చివర ఉండే కుటుంబం అన్నవరంలో వ్రతం చేయించుకోవాలని నాలుగు రోజుల ముందే కారు మాట్లాడుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి పట్టుబట్టలతో, పూజ సామాను సంచులతో వచ్చి ఎక్కి కూర్చున్నారు. నాన్న కీ తిప్పాడు. 'టక్' మని ఒక్క చప్పుడు. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కీ వెనక్కి తిప్పితే మళ్లీ వెలిగాయి. మళ్లీ తిప్పితే మళ్లీ టక్, మళ్లీ చీకటి.

పది నిమిషాలు చూశారు. "ఏం అనుకోకండి, వ్రతం టైము దాటిపోద్ది" అని వేరే కారు పిలిపించుకుని వెళ్లిపోయారు. నాన్న చొక్కా జేబులోంచి అడ్వాన్సు తీసి తిరిగి ఇచ్చేశాడు. తర్వాత గేటు దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగి అడిగిన ప్రశ్నే పైన రాసింది.

నేను ఈఈఈ మూడో సంవత్సరం. లోపలికి పరుగెత్తి, ఫస్టియర్‌లో కొన్న మల్టీమీటర్ తెచ్చి బ్యాటరీ మీద పెట్టాను. 12.5 వోల్టులు.

"బ్యాటరీ బాగానే ఉంది నాన్నా."

"బాగుంటే బండెందుకు స్టార్టవ్వదు?"

జవాబు లేదు. నాన్న బానెట్ గట్టిగా వేసి, చివరిసారిగా కీ తిప్పాడు. బండి స్టార్టయింది! అప్పటికే వాళ్లు వెళ్లిపోయి అరగంటయింది.

ఇది మొదటిసారి కాదని ఆ తర్వాత తెలిసింది. నెల కిందట ఇలాగే ఆగితే బ్యాటరీ పోయిందన్నారు. నాన్న 6,500 పెట్టి కొత్తది వేయించాడు. రెండు వారాలు బానే ఉండి, మళ్లీ మొదలు. ఇప్పుడు షాపులో "డైనమో వీకు, మార్చాల్సిందే, తొమ్మిది వేలవుద్ది" అన్నారు. కిస్తీ తేదీ వారం రోజుల్లో ఉంది. తొమ్మిది వేలు చేబదులు తేవాలి.

"ఒక్క రోజు ఆగు నాన్నా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఆ ఒక్క రోజులో నేర్చుకున్నదే ఈ వ్యాసం.

మొదట నేను చేసిన తప్పు

కీ తిప్పగానే మొత్తం కరెంటు పోతోందంటే ఎక్కడో కనెక్షన్ సరిగ్గా లేదు. అంతవరకు నా ఆలోచన కరెక్టే. కనెక్షన్ బాగుందో లేదో తెలియాలంటే రెసిస్టెన్స్ చూడాలి కదా అనుకున్నాను. బ్యాటరీ వైర్లు విప్పి, మీటరును ఓమ్స్‌లో పెట్టి, ఒక్కో వైరూ, ఒక్కో జాయింటూ చూశాను. ప్రతిచోటా 0.3 ఓమ్. మీటరు పిన్నులు రెండూ ఒకదానికొకటి ఆనించినా 0.3 ఓమే. అంటే ఆ 0.3 మీటరు వైర్లదే, మిగతా అంతా సున్నా. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. బండి మాత్రం స్టార్టవ్వదు.

మధ్యాహ్నం మా మెషీన్స్ ల్యాబ్ అసిస్టెంట్ గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని ఒక్క మాట అడిగారు: "లోడ్ మీద చూశావామ్మా?"

నేను చూడలేదు. అసలు అలా చూడాలని తోచలేదు. ఎందుకు తోచలేదో కూడా చెప్తాను, ఇది మన అందరికీ పనికొచ్చే విషయం. సెకండియర్‌లో డీసీ షంట్ జనరేటర్ మీద లోడ్ టెస్ట్ ఉంటుంది, గుర్తుందా? ల్యాంపులు ఒక్కొక్కటే వేస్తూ పోతే టెర్మినల్ వోల్టేజి ఎలా తగ్గుతుందో రాసుకోవాలి. ఆ రోజు నేను బ్యాచ్‌లో వెనక నిలబడి కబుర్లు చెప్పాను. రీడింగులు సీనియర్ రికార్డులోంచి దించాను. గ్రాఫ్ అందంగా గీశాను, పదికి తొమ్మిది వచ్చాయి. లోడ్ పడితే వోల్టేజి పడిపోతుందని రాశాను కానీ, కళ్లతో చూడలేదు.

లోడ్ లేకపోతే లోపం కనపడదు

మేడ మీద ట్యాంకు నిండా నీళ్లున్నాయి. కుళాయి కట్టేసి ఉన్నంతసేపు పైపులో ఎక్కడ చూసినా ప్రెషర్ బాగానే ఉంటుంది. కుళాయి తిప్పినప్పుడే ఏ వంపులో మట్టి పేరుకుందో బయటపడుతుంది. కరెంటుదీ అదే కథ.

దీనికి లెక్క 1827లో జార్జ్ ఓమ్ ప్రచురించిన సూత్రమే: వి = ఐ × ఆర్. ఒక జాయింటులో 0.07 ఓమ్ ఉందనుకుందాం. మన చవక మీటరుకి అది కనపడదు, దాని వైర్లకే అంతకు నాలుగింతలుంది. ఇప్పుడు ఆ జాయింటు మీద లోడ్ వేసి చూద్దాం.

– డాష్‌బోర్డు దీపాలకి అర ఆంపియర్ అనుకుంటే, పోయేది 0.035 వోల్టు. తేడా ఏమీ తెలీదు.
– రెండు హెడ్‌లైట్లకి సుమారు 10 ఆంపియర్లు. పోయేది 0.7 వోల్టు. కాస్త మసకగా ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు.
– సెల్ఫ్ మోటారుకి 100 ఆంపియర్లు అనుకుందాం, డీజిల్ బండికి ఇంకా ఎక్కువే కావాలి. పోయేది 7 వోల్టులు! పన్నెండులో ఏడు ఆ జాయింటే మింగేస్తే సెల్ఫ్‌కి మిగిలేదేముంది?

"లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి కనెక్షన్లు బాగున్నాయి" అనే మాట ఎందుకు తప్పో ఇక్కడే తెలుస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, బ్యాటరీ ఇస్తూనే ఉంది, మధ్యలో జాయింటు ఇవ్వట్లేదు.

ఇంకో మాట. కారులో ప్రతి దీపానికీ, మోటారుకీ రెండు వైర్లు ఉండవు. ప్లస్ వైరు ఒకటి వెళ్తుంది, తిరిగొచ్చే దారి చాలావరకు కారు బాడీనే. బ్యాటరీ మైనస్ నుంచి ఒక లావు వైరు బాడీకి, అక్కడినుంచి గానీ వేరుగా గానీ ఇంజిన్‌కి వెళ్తుంది. దీన్నే మెకానిక్కులు ఎర్త్ అంటారు. వెళ్లే దారిని అందరూ చూస్తారు. తిరిగొచ్చే దారిని ఎవరూ చూడరు.

ఎలా కొలవాలి

ల్యాబ్ అసిస్టెంట్ గారు ఫోన్‌లో చెప్పిన పద్ధతిని వరసగా రాస్తున్నాను. కావలసినవి ఒక మల్టీమీటర్, కీ తిప్పడానికి ఇంకో మనిషి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర. కీ ప్రతిసారీ రెండు మూడు సెకన్లకు మించి తిప్పకూడదు.

1. ముందు లోడ్ లేకుండా బ్యాటరీ చూడాలి. బండి కొన్ని గంటలు ఆగి ఉండాలి, ఇప్పుడే ఆపిన బండిలో రీడింగు ఎక్కువ చూపిస్తుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్స్, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. 12.6 లేదా పైన ఉంటే ఫుల్. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.8 అంటే ఖాళీ అయినట్టే, ముందు ఛార్జ్ చేసి తర్వాతే మిగతా టెస్టులు.

2. మీటరు బ్యాటరీ మీదే ఉంచి కీ తిప్పించాలి. ఛార్జ్ ఉన్న బ్యాటరీ 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ మీద అనుమానం. మాది 11.9 దగ్గరే నిలబడింది. సెల్ఫ్ తిరగట్లేదు, బ్యాటరీ మాత్రం అలసిపోవట్లేదు. అంటే కరెంటు వెళ్లడానికి దారి లేదు.

3. ప్లస్ వైపు చూడాలి. మీటరు ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ మీద, రెండోది సెల్ఫ్ మోటారు మీదున్న లావు ప్లస్ బోల్టు మీద. కీ తిప్పినప్పుడు 0.5 వోల్టు దాటకూడదు. మాకు 0.3. పర్వాలేదు.

4. మైనస్ వైపు చూడాలి. ఒక పిన్ను బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ మీద పెయింటు లేని ఇనుము మీద. కీ తిప్పినప్పుడు 0.2 దాటకూడదు. నాన్న కీ తిప్పాడు. మీటరు 7.8 చూపించింది.

నేను నమ్మలేదు. "ఇంకోసారి తిప్పు నాన్నా" అన్నాను. 7.8. ఉండాల్సింది సున్నాకి దగ్గరగా. పొద్దున్నుంచి వెతుకుతున్న దొంగ ఇంట్లోనే దొరికాడు.

5. ఇప్పుడు ఆ దారిని ముక్కలు చేయాలి. ఒక్కో జాయింటుకి అటూ ఇటూ పిన్నులు పెట్టి, ప్రతిసారీ కీ తిప్పించాలి. మాకు వచ్చినవి:

– బ్యాటరీ మైనస్ దిమ్మ నుంచి దాని క్లాంపుకి: 0.02
– క్లాంపు నుంచి వైరు అవతలి కొసనున్న రింగుకి: 0.1
– ఆ రింగు నుంచి బాడీ ఇనుముకి: 7.4
– బాడీ నుంచి ఇంజిన్‌కి: 0.3

నాలుగూ కూడితే 7.82. లెక్క సరిపోయింది. వోల్టేజి ఎక్కడికీ మాయమైపోదు, ఎక్కడ పోయిందో అక్కడ మీటరుకి దొరికి తీరుతుంది. మా కారులో అది బ్యాటరీ ట్రే కింద ఒకే ఒక్క బోల్టు దగ్గర దొరికింది.

ఆ బోల్టు కింద ఏముంది

బ్యాటరీ మైనస్ వైరు తీసేసి, ట్రే పక్కకి తప్పించి, బోల్టు విప్పాం. రింగు కింద పెయింటు! ఏడాది కిందట బండికి ముందు పక్క చిన్న దెబ్బ తగిలితే డెంటింగ్, పెయింటింగ్ చేయించారు. ఆ షెడ్డులో ఎర్త్ బోల్టు కింద చోటుకీ రంగు కొట్టి, దానిమీదే రింగు బిగించేశారు. బోల్టు మరలు ఎక్కడో కాస్త ఇనుముని తాకుతుంటే ఇన్నాళ్లూ దాంతోనే నడిచింది. పైగా మాది సముద్రపు గాలి. మెల్లగా తుప్పు పట్టింది, రింగు చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. బానెట్ గట్టిగా వేసినప్పుడు ఆ అదురుకి కొంచెం అతుక్కునేది, అందుకే అప్పుడప్పుడూ స్టార్టయ్యేది.

ఎమరీ పేపరుతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాం. రింగూ అలాగే. కొత్త స్టార్ వాషర్ వేసి బిగించి, పైన తేమ తగలకుండా పెట్రోలియం జెల్లీ రాశాం. ఖర్చు నలభై రూపాయలు.

కీ తిప్పితే మొదటి దెబ్బకే స్టార్టు. మైనస్ వైపు మొత్తం మళ్లీ కొలిస్తే 0.15. బాడీ నుంచి ఇంజిన్‌కి వెళ్లే పట్టీ రెండు కొసలు కూడా శుభ్రం చేశాం కాబట్టి అదీ తగ్గింది.

మరి డైనమో సంగతి?

షాపు వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.3 వోల్టులే వస్తున్నాయని చూపించారు. మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. (కొన్ని కొత్త బళ్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, వాటికి ఈ లెక్క నేరుగా పనికిరాదు.) వాళ్ల కొలత సరైనదే, కొలిచిన చోటే చాలదు.

బోల్టు విప్పకముందు నేనూ ఒకసారి కొలిచాను. బ్యాటరీ మీద 13.3. డైనమో ప్లస్ బోల్టుకీ దాని సొంత బాడీకీ మధ్య 14.2. డైనమో తన పని తాను చేస్తూనే ఉంది. ఆ 0.9 వోల్టు దారిలో పోతోంది, ఎక్కువ భాగం ఆ బోల్టు దగ్గరే. డైనమో నుంచి బ్యాటరీకి వచ్చే కరెంటు కూడా ఆ బోల్టు దాటే రావాలి కదా! ఏడాదిగా బ్యాటరీకి కడుపు నిండా తిండి అందలేదు. పాత బ్యాటరీ తొందరగా పోవడానికి అదీ ఒక కారణం అయ్యుంటుంది. కొత్తది కూడా ఆ దారిలోనే ఉంది. బోల్టు బాగుచేశాక బ్యాటరీ మీద 14.1 వచ్చింది. తొమ్మిది వేల డైనమో అవసరం లేకపోయింది.

అన్ని కేసులూ ఎర్త్ కేసులే కావు

ఇది చదివి ప్రతి బండికీ ఎర్త్ బోల్టు విప్పకండి. కరెంటు ఎలా పోయిందో ముందు అడగాలి.

*కీ తిప్పగానే అన్నీ ఆరిపోతే:* టెర్మినళ్లు, ఎర్త్, లేదా బాగా నీరసపడ్డ బ్యాటరీ. పైన చెప్పిన వరస.

*కీ వేసినా అసలేమీ వెలగకపోతే:* టెర్మినల్ వదులు, లేదా బ్యాటరీ దగ్గరుండే మెయిన్ ఫ్యూజు.

*నడుస్తుండగా లైట్లు మసకబారుతూ, బ్యాటరీ గుర్తు వెలిగితే:* డైనమో, దాని బెల్టు, దాని వైరు.

*ఒక్క వస్తువే పనిచేయకపోతే:* దాని ఫ్యూజు, దాని రిలే, దాని సొంత ఎర్త్. ఫ్యూజు ఎగిరితే అదే నంబరుది వేయాలి. సిగరెట్ పెట్టె కాగితం చుట్టి పెట్టడం మనవాళ్లకి అలవాటు. అప్పుడు ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది.

*రాత్రి బాగుండి పొద్దునకి బ్యాటరీ ఖాళీ అయితే:* ఆపిన బండిలో ఏదో కరెంటు తాగుతోంది. మైనస్ వైరుకి వరసలో మీటరుని ఆంపియర్లలో పెట్టి చూడాలి. బండి తాళం వేశాక లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట దాకా పట్టొచ్చు. ఆ తర్వాత సాధారణంగా 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. అర ఆంపియర్ ఉంటే రోజుకి 12 ఆంపియర్ అవర్లు, అంటే 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఐదు రోజుల్లో ఖాళీ. ఒక్కో ఫ్యూజు తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు రీడింగు పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. ఈ టెస్ట్‌లో మీటరు ఉండగా కీ మాత్రం తిప్పకండి, మీటరు ఫ్యూజు పోతుంది.

జాగ్రత్తలు

– విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ విప్పుతుంటే పానా బాడీకి తగిలితే పెద్ద మెరుపు వస్తుంది.
– ఛార్జవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. అగ్గి, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి.
– ఉంగరాలు, గాజులు, లోహపు వాచీ తీసేయండి. నేను గాజులు తీసి అమ్మకిచ్చాకే నాన్న బానెట్ ఎత్తనిచ్చాడు.
– మీటరు ఆంపియర్లలో ఉండగా బ్యాటరీ రెండు దిమ్మల మీదా పెట్టకండి. అది నేరుగా షార్టు.
– ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమో టెస్ట్ చేయడం పాత పద్ధతి. ఇప్పటి బళ్లలో ఆ క్షణం వోల్టేజి ఎగిరి కంప్యూటర్లు పోతాయి. ఎవరైనా చేయబోతే ఆపండి.

చివరగా

తర్వాతి సోమవారం నాన్న వేరే వాళ్లని అన్నవరం తీసుకెళ్లి వచ్చాడు. రాత్రి అన్నం తింటూ "ఆ ఏడు పాయింట్ ఎనిమిది ఎక్కడుందో మళ్లీ చెప్పు" అని అడిగాడు. చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఇప్పుడు డాష్‌బోర్డు అరలో ఒక చవక మీటరు పెట్టుకున్నాడు. స్టాండులో ఎవరి బండి ఆగినా "కీ తిప్పుతూ చూడండి" అని చెప్తున్నాడట.

హాస్టల్లో బైకులున్న వాళ్లకి కూడా ఇదే పద్ధతి. సెల్ఫ్ కొట్టకపోతే బ్యాటరీ కొనే ముందు, బటన్ నొక్కి పట్టుకుని బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి ఎంత పోతోందో చూడండి. మీటరు లేకపోతే నాది తీసుకోండి, తిరిగి ఇస్తే చాలు.

ఈ సెమిస్టర్ ల్యాబ్‌లో నేను వెనక నిలబడట్లేదు. రీడింగులు నేనే తీసుకుంటున్నాను. గ్రాఫులు మునుపటంత అందంగా రావట్లేదు, చుక్కలు గీతకి అటూ ఇటూ పడుతున్నాయి. మొన్న ఒక జూనియర్ వచ్చి "అక్కా, లోడ్ టెస్ట్ రికార్డు ఇస్తావా?" అని అడిగాడు. ఇవ్వలేదు. ల్యాబ్ ఎన్నింటికో చెప్పాను.